పాట ఎత్తేది ఎవరు

ఆస్పత్రి లాండ్రీలో పొద్దున్నే మొదటి గుట్ట ఆపరేషన్ గది దుప్పట్లది. ఆ తడి దుప్పట్లను విదిలించి, ఆరబెట్టే యంత్రం నోట్లోకి తోసి, తలుపు మూయగానే పాటలత్త పాట అందుకుంటుంది. లోపల యంత్రం తిరుగుతుంటుంది, బయట ఆమె పాడుతుంటుంది. పనిలో చేరిన నాటి నుంచీ ఇదే వరస. పక్క బల్ల మీద దిండు గలీబులు మడతపెట్టే కోడలు ఇంట్లోనూ అవే పాటలు వింటుంది, ఇక్కడా అవే వింటుంది.

పాటలత్త అసలు పేరేమిటో ఒక్కోసారి ఆమె భర్త కూడా తడుముకుంటాడు. ఆదివారం ప్రార్థన మందిరంలో పాట ఎత్తేది ఆమే కాబట్టి ఊరందరికీ ఆమె పాటలత్త. డోలక్ తప్ప మరో వాయిద్యం లేని చిన్న మందిరమది. ఎవరో ఒకరు లేచి మొదటి మాట పలికితే, ఆ శ్రుతిలోనే అందరూ అందుకోవాలి. మరీ పైన ఎత్తితే చరణానికి వచ్చేసరికి గొంతులు చిరుగుతాయి. మరీ కింద ఎత్తితే పల్లవి గొణుగుడైపోతుంది. పాటలత్త ఎత్తితే ముసలివాళ్ళకూ పిల్లలకూ సరిగ్గా సరిపోయేది. ఎలా కుదురుతుందని అడిగితే, "ఏమో, నోరు తెరిస్తే వస్తుంది" అనేది.

అక్కడ ప్రతి వారం పాడేది ఆమె కట్టిన పాటే. లాండ్రీలో చేరిన కొత్తలో, మరకలు వదలని దుప్పట్లతో కుస్తీ పడుతూ కట్టింది.

*మాసిన నన్ను మూలకు విసరక*
*నీ చేతులార ఉతికిన తండ్రీ...*

మొదటిసారి విని పాస్టరుగారు కంగారుపడ్డాడు. "దేవుడి చేత బట్టలుతికించావేంటమ్మా?"

"మరి మనల్ని ఉతికే ఓపిక ఇంకెవరికుందండీ?" అంది పాటలత్త. ఆ పాటకు అదే ఆమోదముద్ర.

అలాంటి పాట ఈ మధ్య చతికిలబడింది. రెండు నెలలుగా ఆమె ఎత్తితే పల్లవి నేల మీద పాకుతోంది. ఆడవాళ్ళ గొంతులు అసలే వినబడడం లేదు. అందరూ నీరసపడిపోతుంటే నాలుగు చరణాలను పాస్టరుగారు రెండుకు కుదించాడు.

"బావిలో కూర్చుని పాడుతున్నావా అత్తా?" అన్నాడు మగవాళ్ళ వరసలో కూర్చునే అంబులెన్సు డ్రైవరు. "మా గొంతులు తోడుకోవడానికి చేద కావాల్సొచ్చింది."

"నీ గొంతుకు చేదెందుకురా, ఆ సైరన్ ఉందిగా" అని అప్పటికి తిప్పికొట్టింది కానీ, ఇంటికొచ్చాక అద్దంలో నోరు తెరిచి చూసుకుంది. మిరియాల నీళ్ళు తాగింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. గొంతు పైకి లేవలేదు.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరుగారు ఆమెనూ కోడలినీ మెట్ల దగ్గర ఆపాడు. "వయసు ఎవరినీ వదలదు కదమ్మా. ఇన్నాళ్ళు మోశావు. వచ్చే వారం నుంచి కోడలు ఎత్తితే బాగుంటుందేమో."

పాటలత్త చీర కొంగు సర్దుకుంది. కోడలు మాత్రం ఠక్కున అంది. "నా వల్ల కాదండీ. మందిరంలో నేను పాట ఎత్తితే ఇంట్లో ఈవిడ నన్ను ఎత్తి పొడుస్తుంది."

పాస్టరుగారు నవ్వి, సరే, ఇంకొక్క వారం అత్తే ఎత్తనీ, చూద్దామన్నాడు. కోడలు అంత గబగబా కాదందంటే ఎత్తాలని మనసులో ఉన్నట్టేనా, లేనట్టా అని పాటలత్తకు అనుమానం. ఆ స్థానం పోతే ఆదివారం మందిరంలో తను ఎక్కడ కూర్చోవాలో కూడా ఆమెకు తెలియదు.

గురువారం ఆరబెట్టే యంత్రం బెల్టు తెగింది. రెండు నెలల కిందట వచ్చిన కొత్త యంత్రం అది. మెకానిక్కు సాయంత్రానికి గానీ రాలేనన్నాడు. వార్డుల్లో దుప్పట్లు కావాలి. వెనక వరండాలో, తుక్కు బండి కోసం పెట్టిన పాత యంత్రానికి వైరు తగిలించారు. అది ఒకసారి దగ్గి, గుయ్యిమంటూ తిరగడం మొదలెట్టింది. పాటలత్త తలుపు మూసి, అలవాటుగా పాట అందుకుంది.

పల్లవి నిటారుగా నిలబడింది. చరణం మూడో పాదం పైకెక్కి, అక్కడ హాయిగా ఊగి, దిగింది.

కోడలు చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. "అత్తయ్యా, మళ్ళీ పాడండి."

"ఏం, బాగాలేదా?"

"అబ్బా, పాడండి ముందు!"

పాడింది. మళ్ళీ అదే ఎత్తు. సాయంత్రం కొత్త యంత్రం బాగయ్యాక కోడలు అత్తను దాని ముందుకు లాక్కెళ్ళి నిలబెట్టింది. "ఇప్పుడు పాడండి."

పల్లవి మళ్ళీ నేల మీద పాకింది. ఇద్దరూ యంత్రం వైపు చూశారు. దాని మోత పాతదాని కంటే బాగా కిందన ఉంది, నిద్రలో గురక పెట్టినట్టు.

"మీ గొంతుకేం కాలేదు అత్తయ్యా. దీని గొంతే బొంగురు! వారమంతా దీని మోత చెవిలో వేసుకుని, ఆదివారం దాని ఎత్తులోనే అందుకుంటున్నారు."

పాటలత్త యంత్రం వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ దుంప తెగ! నన్ను ముసలిదాన్ని చేశావు కదే!" ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

నవ్వు ఆగాక చిక్కు మాత్రం మిగిలింది. శనివారం పాత యంత్రం తుక్కు బండి ఎక్కిపోతుంది.

"ఆదివారానికి దాని మోత నాకు గుర్తుండదే" అంది పాటలత్త.

"నాకుంటుంది" అని కోడలు పెదాలు మూసి సన్నగా కూనిరాగం తీసింది. పాత యంత్రం అక్కడే తిరుగుతున్నట్టుంది.

"అంత చెవి పెట్టుకుని, ఆయన అడిగితే కాదన్నావెందుకు?"

"పాట మీది. నేను ఎత్తితే మీరు నోరు మూసుకుని కూర్చుంటారా? మధ్యలో దిద్దరూ?"

దిద్దుతానని పాటలత్తకూ తెలుసు.

శనివారం తుక్కు బండి వచ్చి పాత యంత్రాన్ని తీసుకుపోయింది. ఆదివారం అత్తాకోడళ్ళు ఒకే బెంచీ మీద ఆనుకుని కూర్చున్నారు. పాస్టరుగారు తలూపాడు. కోడలు ముందుకు వంగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టుగా అత్త చెవి దగ్గర ఆ మోతనే కూనిరాగం తీసింది. పాటలత్త లేచి మొదటి మాట పలికింది. వెనక వరసల్లోంచి ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా లేచాయి. డ్రైవరు మెడ తిప్పి చూసి, తనూ గొంతు కలిపాడు.

రెండో చరణం అయ్యాక పాస్టరుగారు ఆపమని చెయ్యెత్తబోయి, దించుకున్నాడు.

ఆ ఆదివారం నాలుగు చరణాలూ పాడారు.