సుగ్రా తొడిగిన సీమంతం గాజులు

పుంగనూరులో ఉండి ఊరూరా గాజులమ్మే సుగ్రాకు సదుం చుట్టుపక్కల పల్లెలన్నీ పుట్టిళ్లే. గాజుల మలారం భుజాన వేసుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్లు చేతులు చాచుకుని ఎదురొచ్చేవాళ్లు. నొప్పి తెలియకుండా గాజు ఎక్కించడం ఆమెకు అత్త నేర్పిన విద్య.

1978లో జట్కా బోల్తాపడి ఆమె భర్త ఇనాయతుల్లా కాలు విరిగింది. మదనపల్లె ఆసుపత్రి ఖర్చుకు సదుంలో రైతు ఇల్లాలు మునెమ్మ అప్పిచ్చింది. వేరుశనగ కాలానికి తీర్చేస్తానని సుగ్రా మాటిచ్చింది. ఆ ఏడు వానలు లేవు. పంట రాని ఇళ్లలో గాజులెవరు కొంటారు?

గడువు దాటింది. మునెమ్మ ఏమీ అడగలేదు కానీ ఊరు ఊరుకోలేదు. పాత చెప్పులు తెగిపోయి సుగ్రా కొత్తవి కొనుక్కుంటే, సదుం బస్టాండులో ఒకామె అందరికీ వినబడేలా అంది: "అప్పు తీర్సేదానికి లేదు గానీ, కొత్త చెప్పులు కావల్సొచ్చినాయి."

సుగ్రా ఇంటికొచ్చి ఆ చెప్పులు మంచం కిందికి తోసేసింది. మునెమ్మ వీధికి వెళ్లడం మానుకుంది. కొన్నాళ్లకు సదుమే మానేసింది. బేరాలు తగ్గేకొద్దీ అప్పు తీరే దారి ఇంకా దూరమైంది.

ఒక ఉదయం మునెమ్మే వచ్చి సుగ్రా వాకిట్లో నిలబడింది. సుగ్రా చేతిలో పని వదిలేసి ఎదురెళ్లింది.

"అక్కా, ఇంక కొన్నాళ్లు..."

"దుడ్డుకు రాలేదమ్మా. శుక్రవారం నా కూతురు వరలక్ష్మికి సీమంతం. దాని పెండ్లికి గాజులు తొడిగింది నువ్వే. ఇప్పుడు ఇంకొకరు యాల తొడగాల?"

"అందరూ ఉంటారక్కా. నా మొగం యాడ పెట్టుకునేది?"

"అందరూ ఉంటారనే రమ్మంటాండాను."

శుక్రవారం పందిరి నిండా ఆడవాళ్లు. సుగ్రా మలారం విప్పుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు: "అప్పు ఎగ్గొట్టినదానికి మర్యాదలు సూడు."

మునెమ్మ చేతిలోని పసుపు గిన్నె కింద పెట్టింది. "అప్పిచ్చింది నేను. అడగాల్సొస్తే నేనడుగుతా. మీకేమన్నా బాకీ ఉండాదా ఆమె?"

వరలక్ష్మి చేయి ముందుకు చాచి, "తొడుగు పిన్నమ్మా" అంది.

సుగ్రా కళ్లు తుడుచుకుని ఆ చేతిని తన ఒడిలో పెట్టుకుంది. రెండు చేతులకూ నిండుగా గాజులు తొడిగింది. ఆ తర్వాత పందిట్లోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు కూర్చున్నారు. సాయంత్రానికి మలారం దాదాపు ఖాళీ అయింది.

అప్పు తీరడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. పదో పరకో తీసుకెళ్లిన ప్రతిసారీ మునెమ్మ కాదనకుండా తీసుకుంది, మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది.

ఆ సంగతి సుగ్రా తన కోడలు షకీలాకు చాలాసార్లు చెప్పింది. "వద్దులే అని వదిలేసుంటే ఆ యమ్మ ముందర జన్మంతా తల వంచుకోనుండేదాన్ని. తీసుకునింది సూడు, అదీ ఆ యమ్మ గొప్ప. అల్లా ఆమెను సల్లగా సూడాల."

రంజాన్ నాడు సేమ్యా పాయసం పొయ్యి దిగగానే మొదటి గిన్నె సదుం బస్సెక్కేది. దాన్ని పట్టుకుని, కుంటుకుంటూనే, ఇనాయతుల్లా తనే బయల్దేరేవాడు.