రీలాయన చూడని సినిమా

మా మరిది సినిమా హాలు మేనేజరుతో పెట్టుకున్న తగాదాకి నేనే సాక్షిని. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. ముందురోజు తాను చూసిన సినిమాకే మర్నాడు నన్నూ మా ఇంటాయన్నీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆట అయిపోయింది, లైట్లు వెలిగాయి, జనం కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇతను మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"ఏమయ్యా, ఇక్కడే కాపురం పెడతావా?" అన్నాను.

"సినిమా ఇంకా అవలేదు వదినా. పదకొండు నిమిషాలు బాకీ ఉంది."

ఊడ్చేవాడు వచ్చి చెప్పాడు, గేటువాడు వచ్చి చెప్పాడు. చివరికి మేనేజరే వచ్చాడు. మనిషికన్నా ముందు గొంతు వచ్చే రకం.

"నిన్న తల్లి ఉత్తరం చదివే ముక్క ఉంది. ఇవాళ లేదు. రోజుకి ఇంకో ఆట పట్టాలని కోసేశారు" అన్నాడు మా మరిది, కూర్చునే.

"ఇంతమంది చూశారు. ఒక్కరైనా అడిగారా?"

"ఒక్కరు అడుగుతున్నారు కదా. నేను టికెట్ కొన్నది సినిమాకి. సినిమా ముక్కకి కాదు."

"వెయ్యకపోతే ఏం చేస్తారేం?"

"కూర్చుంటాను."

కొడతానన్నవాణ్ణి బయటికి గెంటొచ్చు, తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. కూర్చుంటానన్నవాణ్ణి ఏం చేస్తారు? మా ఇంటాయన కూడా తిరిగొచ్చి కూర్చున్నాడు. వెనక వరసలో పిల్లల తల్లి ఒకావిడ "మాకూ ఆ ముక్క కావాలండీ" అని కూలబడింది. బయట తర్వాతి ఆట జనం తలుపులు బాదుతున్నారు. మేనేజరు మెట్లెక్కి మిషను గదిలోకి పోయాడు. కోసిన ముక్క తెచ్చి, ఉన్న ముప్ఫైమందికీ పదకొండు నిమిషాలూ వేసి చూపించాడు. నిజం చెప్పొద్దూ, ఆ ముక్క ఏమంత గొప్పగా లేదు. కానీ ఆనాటినుంచి వీధిలో అందరికీ మా మరిది రీలాయన అయ్యాడు.

పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దడం అతని ఉద్యోగం. శనివారం పేపర్లో సినిమాల మీద రాయడం అతని ప్రాణం. మొదటిరోజు మ్యాట్నీ, ఐదో వరస, చివరి కుర్చీ. ఇంకొకరు రాసింది ముందుగా చదివేవాడు కాదు. నచ్చకపోతే ఎవరి సినిమా అయినా ఉతికి ఆరేసేవాడు. ఉద్యోగం అయిపోయినా శనివారం జాగా మాత్రం అతనిదే అని పెద్ద సంపాదకుడు మాటిచ్చాడు. మా ఇంటాయన పోయాడు, ఆ వెనకే మా తోడికోడలూ పోయింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో మేమిద్దరం మిగిలాం. ఒక గదిలో నా కుట్టుమిషను, ఒక గదిలో అతని బల్ల.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం హాలునుంచి వస్తూ వీధి మలుపులో దీపస్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. కబురొస్తే వెళ్ళాను. చెమటలు కారుతున్నాయి, అడుగు పడటం లేదు. పదిమందీ చూస్తుండగా చంటిపిల్లాణ్ణి నడిపించినట్టు నడిపించుకొచ్చాను. డాక్టరు అన్నీ చూసి "గుండె గడియారంలా ఉందమ్మా" అన్నాడు. గుండె గడియారమే, కాళ్ళు మాత్రం ఆగిపోయాయి. ఆనాటినుంచి మా మరిది గడప దాటలేదు. చెప్పులేసుకుంటాడు, గడియ మీద చెయ్యేస్తాడు, మొహం తెల్లబడుతుంది, వెనక్కొచ్చి చెప్పులు విప్పుతాడు. వేసుకోవడం, విప్పడం. అతని ప్రయాణమంతా అంతే.

అతని గది కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, ఆ గోడ మీద ఒక నీళ్ళ గొట్టం. అదే అతనికి లోకం. గొట్టంలో చప్పుడు విని "నాలుగో అంతస్తువాళ్ళు ఇవాళ ఆలస్యంగా లేచారు" అని చెప్పగలడు. చూసి చూసి నాకే ఊపిరాడేది కాదు.

ఆ మొదటి వారమే అడిగాడు. "వదినా, ఈ ఒక్కసారికీ నువ్వు వెళ్ళి చూసొచ్చి చెప్పు." ఒక్కసారి అన్నది నాలుగేళ్ళయింది. చీకట్లో రాసుకోవడం కుదరదు. అందుకని కుట్టుదారం మూరెడు తీసుకెళ్ళేదాన్ని. నవ్వొచ్చిన చోట ఒక ముడి. విసుగొచ్చిన చోట జంట ముడి. కళ్ళు చెమర్చిన చోట చిన్న గుండీ. ఇంటికొచ్చి దారం బల్ల మీద పెడితే, ముడి ముడికీ వేలు పెట్టి "ఇది ఏమిటి?" అని అడిగేవాడు. హీరో చొక్కా కుట్టు దగ్గర్నుంచీ అన్నీ చెప్పేదాన్ని. కళ్ళు నావి, కలం అతనిది. దారాన్ని మేకుకి తగిలించి రాసేవాడు, ఆ కాగితాలు నేనే ఆఫీసుకి మోసేదాన్ని.

"సారు రావడం లేదేమండీ?" అని అక్కడ అడిగేవారు. ఒకసారి కాలు బెణికిందన్నాను, ఒకసారి పన్ను పీకించుకున్నారన్నాను. నేను పీకించిన లెక్క చూస్తే మా మరిది నోట్లో ఈపాటికి ఒక్క పన్ను ఉండకూడదు. అతను గదిలో బందీ అనుకుంటారు గానీ, వారంవారం మూడేసి గంటలు నేనూ చీకట్లో బందీనే. అక్కర్లేని ప్రేమలు, అక్కర్లేని తుపాకులు. అయినా ఏ వారమూ ఎగ్గొట్టలేదు. పేపర్లో అతని పేరు కింద నా చూపు అచ్చవుతుంటే ఆ గర్వం వేరు.

అలా ఉండగా ఆ బొమ్మల సినిమా వచ్చింది. అందులో ఒక నగరం. ఎవ్వరూ బయటికి రారు. ఇంట్లో కుర్చీలో పడుకుని, తమలాగే ఉండే మరమనిషిని బయటికి పంపిస్తారు. బొమ్మే ఉద్యోగానికి పోతుంది, బొమ్మే బజారుకి పోతుంది. కథలో మనిషి పన్నెండేళ్ళుగా గది దాటలేదు. పెళ్ళాం బొమ్మ ఇంట్లో తిరుగుతుంటుంది, వేళకి తలుపు తీస్తుంటుంది. ఒకరోజు ఇతని బొమ్మ బయటికెళ్ళి మూడు రోజులు రాదు. వచ్చాక దాని గుప్పిట్లో ఎవరిదో తాళంచెవి. ఆ మూడు రోజులూ అది ఏంచేసింది? అదీ కథ.

ఆ వారం నాకు జలుబు. మాత్ర వేసుకుని వెళ్ళాను. హాలు చల్లగా ఉంది, కుర్చీ మెత్తగా ఉంది. ఇంటర్వెల్ తర్వాత కార్ల పరుగులు మొదలయ్యాయి. జంట ముడి, మళ్ళీ జంట ముడి. ఆ తర్వాత కన్నంటుకుంది. ఎంతసేపో నాకు తెలియదు. పదకొండు నిమిషాలనే అనుకుంటాను, నాకు తగిన లెక్క అదే. కళ్ళు తెరిచేసరికి పెళ్ళాం బొమ్మ మెట్ల కింద ముక్కలై ఉంది, అతను పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. ఓహో, ఆవిడ ఎప్పుడో పోయిందన్నమాట, ఇన్నాళ్ళూ ఉత్త బొమ్మే ఇల్లు నడిపిందన్నమాట అనుకున్నాను. గుండీ కట్టాను.

ఇంటికొచ్చాక మా మరిది దారం తడిమి, ఒకచోట ఆగాడు. "ఇక్కడ ఇంత ఖాళీ ఉందేం?"

"అక్కడేం లేదు. ఉత్త పరుగులు" అన్నాను. నిద్రపోయానని చెప్పడానికి నోరు రాలేదు. నాలుగేళ్ళుగా ఒక్క ముక్క వదలని మనిషినని నాకు పేరు మరి.

శనివారం పేపర్లన్నీ ఆ సినిమాని కట్టకట్టుకుని తిట్టాయి. ఒకరు రబ్బరు మొహాలన్నారు. ఒకరు కథకి కాళ్ళు లేవన్నారు. ఇంకొకరు రెండు నక్షత్రాలిచ్చి, అవీ కెమెరాకేనని తేల్చారు. మా పేపర్లో మాత్రం ఇలా వచ్చింది: "చనిపోయిన భార్య బొమ్మ రోజూ తలుపు తీస్తుంటే, తీసింది ఎవరో చూడకుండానే ఒక మనిషి పన్నెండేళ్ళు బతికేశాడు. ఇది మరమనుషుల కథ కాదు. తలుపు వెనక మిగిలిపోయినవాడి కథ." ఆదివారానికల్లా ఆ మాటలు పోస్టర్ల మీదికెక్కాయి. పాలకి వెళ్తూ గోడ మీద చూసి, రెండుసార్లు చదువుకున్నాను.

సోమవారం పొద్దున్నే సంపాదకుడు మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. పెద్దాయన కొడుకే, మాకు పిల్లాడి కింద లెక్క. మంచినీళ్ళు తాగి, ఆయాసం తీరాక నోరు విప్పాడు.

"సార్, ఆ సినిమాలో భార్య చనిపోలేదు కదండీ."

మా మరిది కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"మేడమీద గదిలో ఉంటుంది. ఇంటర్వెల్ తర్వాత ఆయన మెట్లెక్కి ఆ తలుపు కొడతాడు. పన్నెండేళ్ళకి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సినిమాని తిట్టినవాళ్ళు కూడా ఆ ఒక్క ముక్కనీ మెచ్చుకున్నారు. మీరు దాన్నే వదిలేశారు. ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి. పోస్టరు చూసి ఊరంతా నవ్వుతోంది. సార్, అసలు మీరు సినిమా చూశారా?"

దొంగకి తేలు కుట్టినట్టు నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కమాట నా మీదికి తోసేస్తే సరిపోయేది. మా మరిది మేకుకున్న దారం వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"చూడలేదు" అన్నాడు.

పిల్లాడు తల దించుకున్నాడు. పాపం, చిన్నప్పుడు ఇతని ఒళ్ళో కూర్చుని సినిమా కబుర్లు విన్నవాడు. "రేపు మ్యాట్నీతో సినిమా వెళ్ళిపోతోంది. నేను ఐదో వరసలో ఉంటాను. మీరొచ్చి పక్కన కూర్చుని చూడండి. చూసి, సవరణ మీరే రాయండి, వేస్తాను. రాకపోతే శనివారం జాగా ఇంకొకరికి ఇవ్వక తప్పదు సార్."

"మెట్లు చూసుకుని దిగు నాయనా, రెండో అంతస్తులో ఒకటి విరిగింది. నువ్వు కూడా పడితే పేపరు తియ్యడానికి ఎవరూ మిగలరు" అని సాగనంపాను.

తలుపేసి వచ్చి చెప్పేశాను. "నేను నిద్రపోయానయ్యా."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"దారంలో జానెడు ఖాళీ ఉంది వదినా. విసుక్కోకుండా నువ్వు జానెడుసేపు ఎప్పుడున్నావు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తెలిసీ ఎలా రాశావు?"

"ఆ ఖాళీలో నాకు కావలసింది నేను రాసుకున్నాను. మేనేజరు కోస్తే ఊరుకోలేదు. ఇంట్లో కోత పడితే ఊరుకున్నాను." అంతే అన్నాడు. ఆ జాగా పోతే ఇక ఆ మనిషికి మిగిలేది నీళ్ళ గొట్టమేనని నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం చెప్పులేసుకున్నాడు. గడియ తీశాడు. ఒక కాలు బయట పెట్టాడు, రెండోది రాలేదు. కాసేపాగి మళ్ళీ. మూడోసారి మెట్ల కమ్మీదాకా వెళ్ళి, ఎవరో తరుముతున్నట్టు లోపలికి వచ్చేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"పోనీ నేనే మళ్ళీ వెళ్తాను. ఈసారి కళ్ళలో పుల్లలు పెట్టుకుని చూస్తాను" అన్నాను.

"అతను పిలిచింది నన్ను."

నాకు ఒళ్ళు మండింది. జాలిపడితే నాకు కోపమే వస్తుంది. "ఆ సినిమాలోవాడైనా మేడెక్కి తలుపు కొట్టాడు. నువ్వు మేడ దిగలేవా? వాళ్ళకి బొమ్మలున్నాయి, నీకు నేనున్నాను. బొమ్మకైనా మధ్యమధ్య తీగలు మారుస్తారు, నాకు మోకాళ్ళు కూడా మార్చలేదు" అన్నాను. అనకూడని మాటే. అన్నాక వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేశాను.

దీపాలు పెట్టే వేళకి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఇంటి తాళం, తాళంచెవి ఉన్నాయి.

"నన్ను పట్టుకుంటున్నది వీధి కాదు వదినా. ఈ తలుపు. ఇది వెనక తెరిచి ఉందంటే నా కాళ్ళు ఇటే తిరుగుతాయి."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"రేపు ఒంటిగంటకి నేను చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడతాను. నువ్వు తలుపేసి ఈ తాళం వెయ్యి. తాళంచెవి పట్టుకుని ముందు వెళ్ళిపో. పిలుస్తాను, తిడతాను, ఏడుస్తానేమో కూడా. వెనక్కి తిరగొద్దు. హాలుకి వెళ్ళి ఐదో వరసలో కూర్చో. తాళంచెవి కావాలంటే నేనే అక్కడికి రావాలి."

చెయ్యి చాచి తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు. వేడిగా ఉంది, ఎంతసేపు గుప్పిట్లో పట్టుకున్నాడో.

"ఆ దారం మాత్రం ఇంట్లోనే వదిలెయ్ వదినా" అన్నాడు.