బసవపున్నయ్య చేసిన నాచు డబ్బా

దమ్మపేటలో కాలిపోయిన మోటారుకు తీగ చుట్టి మళ్లీ తిప్పిన మొదటి మనిషి బసవపున్నయ్య. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. అయితేనేం, చుట్టుపక్కల ఏ మోటారు ఆగినా ఆయన చెయ్యి పడాల్సిందే. రైతు ప్రదర్శనలో షీల్డు కొట్టాడు, కరెంటు ఇంజనీరు చేత శభాష్ అనిపించుకున్నాడు. ఇవన్నీ ఒకెత్తు, ఎనభై ఎనిమిదిలో చేసిన నాచు డబ్బా ఒకెత్తు.

షాపులో బల్ల మీద చిన్న గాజు తొట్టి, అందులో సముద్రపు నీళ్లు, నాలుగు చారల చేపలు. ఆ నీళ్లను లారీ డ్రైవర్ వెంకటప్పయ్య కాకినాడలో వెదురు దింపి వస్తూ క్యాన్లలో పట్టుకొచ్చేవాడు. బసవపున్నయ్యకు వరసకు బావమరిది, ఆయన ఇంట్లోనే పెరిగినవాడు. తొట్టి నాచుపట్టి చేపలు కనబడకుండా పోతుంటే బసవపున్నయ్య ఆలోచనలో పడ్డాడు. నాచుకు కావాల్సింది వెలుతురు, చేపల మురికి. ఆ రెండూ బయటే దొరికితే తొట్టిలో ఎందుకు పెరుగుతుంది? జానెడు ప్లాస్టిక్ డబ్బాలో దోమల జాలీ ముక్కను రంపపు బ్లేడుతో గరుకు చేసి నిలబెట్టాడు. కూలర్ మోటారుతో తొట్టి నీళ్లను దానిమీద పలచగా జారవిడిచి, పక్కన ట్యూబ్‌లైటు బిగించాడు. కొన్ని వారాలకు నాచంతా జాలీ మీదికి చేరింది. తొట్టి తేటపడింది. వారానికోసారి జాలీ తీసి గీకేస్తే చాలు. హైస్కూలు హెడ్మాస్టరు చూసి, పిల్లలకు బడిలోనూ ఒకటి పెట్టమన్నారు.

ఎండాకాలం దాటాక, నీళ్లు మార్చినప్పుడల్లా ఒక చేప చచ్చి తేలడం మొదలైంది. బసవపున్నయ్య జాలీ మార్చాడు, లైటు జరిపాడు, ధార పెంచాడు. చివరి చేప కూడా పోయిన రోజు, షాపులో నలుగురి ముందూ హెడ్మాస్టరుతో అన్నాడు.

"బడికి వద్దు సార్. నా డబ్బా పని చెయ్యలే."

అలాంటి మాట ఆయన నోట ఎవరూ విని ఉండలేదు. పక్కనే టీ తాగుతున్న వెంకటప్పయ్య ఆయన భుజం తట్టాడు. "పోనీ తియ్ బావా. సముద్రపు చేపకు దమ్మపేట కాపురం పడుద్దా ఏంది?" అందరూ నవ్వారు. బసవపున్నయ్యా నవ్వాడు.

కొన్నాళ్లకు వెంకటప్పయ్య నడిపే లారీ ఓనరు మున్వర్ మోటారు బాగుచేయించడానికి వచ్చి, ఖాళీ తొట్టి వైపు చూశాడు. "చేపలేవి పున్నయ్యా?"

"సచ్చిపోయినయ్ భాయ్. మీ లారీల నీళ్లు తెప్పించుడే మిగిలింది."

"నా లారీల ఏడివి? ఉప్పునీళ్లు కారి అడుగంతా తుప్పు పట్టింది. ఎండాకాలమే బంద్ జేయించిన. వెంకటప్పయ్య చెప్పలేదా?"

బసవపున్నయ్య చేతిలో రాగితీగ అట్లాగే ఆగిపోయింది.

సాయంత్రం అడిగితే వెంకటప్పయ్య దాచలేదు. "అవ్ బావా. అశ్వారావుపేట బోరింగు నీళ్లు. గల్లుప్పు కలిపిన. నువ్వు ఆశగా చూస్తాంటే, తేలేనని జెప్ప ముఖం చెల్లలే."

"ఉప్పు కలిపితే కలిపినవ్. నా డబ్బాదే తప్పని నేను నలుగుర్ల ఒప్పుకుంటాంటే, పక్కన టీ తాక్కుంట ఎట్ల కూసున్నవ్ రా?"

బసవపున్నయ్య షాపు తలుపులు మూశాడు.

"రేపు పొద్దున హెడ్మాస్టర్ని పిలుస్త. నువ్వొచ్చి నీ నోటితో జెప్పు."

"జెప్త బావా. తప్పకుండ వస్త."

మర్నాడు హెడ్మాస్టరు వచ్చి కూర్చున్నారు. టీ వచ్చింది. వెంకటప్పయ్య లారీ షాపు ముందుకు వచ్చి, వేగం తగ్గించకుండానే కాకినాడ రోడ్డు పట్టింది.

"ఏదో చెప్పాలన్నారు పున్నయ్య గారూ?" అన్నారు హెడ్మాస్టరు గ్లాసు కింద పెడుతూ.

తన డబ్బా మంచిదని తనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? షీల్డు సంగతి అడగని వాళ్లకు కూడా చెప్పిన మనిషి, దుమ్ము సద్దుమణిగేదాకా రోడ్డు వైపే చూశాడు.

"ఏం లేదు సార్" అన్నాడు.