ఫుజైరా స్కూల్లో డెమో క్లాసు, తలుపు బయట దీవెనమ్మ

ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే టీచరు కావాలి, గురువారం పది గంటలకు డెమో క్లాసుకు రండి అని ఫుజైరాలోని ఒక ప్రైవేటు స్కూలు నుంచి ఫోన్ వచ్చేసరికి నా విజిట్ వీసాలో పదహారు రోజులు మిగిలాయి. కాకినాడలో తొమ్మిదేళ్ళు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పాను. కరోనా సమయంలో మా ఇన్‌స్టిట్యూట్ మూతపడి మళ్ళీ తెరుచుకోలేదు. అందుకే అరవై రోజుల వీసా మీద దుబాయ్ వచ్చి, దెయిరాలో నలుగురు ఆడవాళ్ళున్న గదిలో ఒక మంచం అద్దెకు తీసుకున్నాను. ఇక్కడ దాన్ని బెడ్‌స్పేస్ అంటారు. అప్పటికే రెండు స్కూళ్ళు కాదన్నాయి. ఒకచోట నా యాస పిల్లల తల్లిదండ్రులకు నచ్చదన్నారు, రెండోచోట కారణం కూడా చెప్పలేదు. ఈ మూడోది కొండలకు అవతల, ఒమన్ సముద్రం ఒడ్డున ఉంది. భయంతో పాటు, ఈ దేశానికి అటువైపు ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం కూడా గట్టిగానే ఉంది.

దుబాయ్ నుంచి ఫుజైరాకు యూనియన్ మెట్రో స్టేషన్ పక్కన బస్సు దొరుకుతుంది. మెట్రోకు, బస్సులకు వాడే నోల్ కార్డు మీద టికెట్ పాతిక దిర్హాములు. నేను ఆరున్నర బస్సు ఎక్కాను. ముందు వరుసలు ఆడవాళ్ళకు కేటాయిస్తారు కాబట్టి సీటుకు ఇబ్బంది ఉండదు. షార్జా దాటేదాకా గోదాములు, ట్రక్కులు, ఆగి ఆగి నడిచే కార్లు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎర్రటి ఇసుక మొదలైంది. అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేయగానే వెనక సీట్లోంచి ఎవరో ముందుకు వంగారు.

"మేడం, తెలుగోళ్ళా?"

ఆయన పేరు లింబాద్రి. ఊరు మెట్‌పల్లి దగ్గర. ఫుజైరాలో చమురు ట్యాంకులు కట్టేచోట స్కాఫోల్డింగ్ పని, అంటే ఇనుప పైపులతో పరంజాలు కడతాడు. పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం దుబాయ్ వచ్చి, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉన్న బామ్మర్ది దగ్గర, కార్మికుల క్యాంపులో ఒక పూట ఉండి తిరిగి వెళ్తున్నాడు. నేను ఇంగ్లిష్ టీచర్నని చెప్పగానే ఇంకాస్త ముందుకు జరిగాడు.

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకుండ్రి. సమజ్ కాలే, మళ్ళొకసారి చెప్పుమని ఇంగ్లిష్‌ల ఎట్లంటరు?"

"ఎందుకు, పనిలో అవసరమా?"

"రోజు పొద్దుగాల సేఫ్టీ ఆయన ఇంగ్లిష్‌ల చెప్తడు. ఆఖరికి అండర్‌స్టాండ్ అంటడు. మేమందరం యెస్ సర్ అంటం. ఒకనాడు ఆ పరంజ ఎక్కొద్దని చెప్పిండంట. నేను యెస్ సర్ అని సీదా పోయి అదే ఎక్కిన. పడలేదు గని, కిందికి దిగినంక చూస్తే ఎర్ర ట్యాగు ఏలాడుతుంది. అప్పటిసంది ఆయన అండర్‌స్టాండ్ అంటే యెస్ సర్ అననీకి భయమైతది."

"సారీ సర్, వన్ మోర్ టైమ్ ప్లీజ్" అనమని చెప్పాను. ఆయన నోట్లోనే నాలుగైదుసార్లు అనుకున్నాడు. "గట్లంటే ముదీర్‌కు కోపం రాదా?" అన్నాడు. ముదీర్ అంటే మేనేజరు. రావచ్చు, అయినా అడగండి అన్నాను. కానీ తొమ్మిదేళ్ళలో నా విద్యార్థులకు స్వపరిచయం నేర్పాను, ఫోన్లో మర్యాదగా మాట్లాడటం నేర్పాను. అర్థం కాలేదని చెప్పడం ఒక పాఠంగా ఎప్పుడూ నేర్పలేదు. ఇసుక పోయి గోధుమరంగు రాతికొండలు మొదలయ్యాయి. వాటి మధ్య దారి మెలికలు తిరుగుతోంది, కొండవాలు మీద మేకలు కనిపిస్తున్నాయి. నా సంచిలో 'నాకు నచ్చిన సెలవు రోజు' అనే పాఠం, రంగురంగుల బొమ్మల అట్టలు ఉన్నాయి. ఆ అట్టల మీద నాకు నమ్మకం పోయింది.

ఎనిమిదీ నలభైకి ఫుజైరాలో దిగాం. లింబాద్రి తన కంపెనీ బండి వైపు వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి స్కూలుకు టాక్సీ పదిహేను దిర్హాములైంది. డ్రైవరు పెషావర్ నుంచి వచ్చిన పెద్దాయన. ఒక మలుపు దగ్గర వేగం తగ్గించి, "ఉధర్ దేఖో, సమందర్" అని చేయి చూపించాడు. రెండు భవనాల మధ్య సముద్రం నీలంగా ఒక చీలికలా కనిపించింది. స్కూలు ముందు గేటు బస్సులకని, సందర్శకులది పక్క సందులో ఉంటుందని చెప్పి నన్ను అక్కడే దించాడు. ఆయన చెప్పకపోతే పది నిమిషాలు ఎండలో గోడ చుట్టూ తిరిగేదాన్ని.

ఇంగ్లిష్ విభాగానికి పెద్ద మిసెస్ రనా. జోర్డాన్ ఆవిడ, తక్కువ మాటల మనిషి. క్లాసు వెనక ఒక కుర్చీ వేసుకుని, నేనిచ్చిన పాఠం ప్రణాళిక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఐదో తరగతి, పదహారు మంది ఆడపిల్లలు. ఎమిరాతీలు, ఈజిప్టు వాళ్ళు, సూడాన్ వాళ్ళు, ఇద్దరు పాకిస్తానీలు. మన దేశం పిల్ల ఒక్కతీ లేదు. గుడ్ మార్నింగ్ అన్నాను, గుడ్ మార్నింగ్ అన్నారు. సెలవుల్లో ఏం చేశారని అడిగితే యెస్ మిస్ అన్నారు. మళ్ళీ మెల్లగా అడిగాను. మళ్ళీ యెస్ మిస్.

బొమ్మల అట్టలు బల్ల మీద బోర్లించేశాను. నిటారుగా నిలబడి, గట్టిగా, తెలుగులో చెప్పాను. "పుస్తకాలు మూసి, పెన్నులు కింద పెట్టి, కుడి చేత్తో ఎడమ చెవి పట్టుకోండి. అండర్‌స్టాండ్?"

"యెస్, మిస్!" అన్నారు పదహారు మందీ. ఒక్కరూ కదల్లేదు. వెనక మిసెస్ రనా కలం ఆగిపోయింది. నేను అదే వాక్యం అదే గొంతుతో మళ్ళీ చెప్పాను. ఈసారి యెస్ మిస్ సగం మందే అన్నారు. తలుపు పక్క బెంచీలో ఉన్న షమ్మా అనే పిల్ల హఠాత్తుగా లేచి నిలబడి, తలుపు అద్దంలోంచి వేలు చూపించింది.

"మిస్, ఆంటీ! షి నోస్!"

బయట వరండాలో నీలం యూనిఫాం వేసుకున్న ఒకావిడ తుడుపు కర్ర చంకలో ఇరికించుకుని, కుడి చేత్తో ఎడమ చెవి పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే చటుక్కున చెయ్యి దించేసింది.

నేను తలుపు తీశాను. "తెలుగువారా? ఒక్క నిమిషం లోపలికి రండి."

"అమ్మో, సూపర్‌వైజర్ చూస్తే ఊరుకోడండీ" అంటూనే రెండడుగులు లోపలికి వేసింది. పిల్లలు చుట్టూ మూగారు. ఇంగ్లిష్‌లో మాత్రమే అడగాలి, అర్థం కాకపోతే మళ్ళీ అడగాలి అని చెప్పాను. మిస్ ఏమన్నారని అడిగారు. ఆవిడ "క్లోజ్ బుక్, పెన్ డౌన్, క్యాచ్ ఇయర్" అంది. ఏ చెయ్యి, ఏ చెవి, ఇంకోసారి చెప్పండి అంటూ అందరూ ఒకరి చెవులు ఒకరు లాక్కున్నారు. మీ పేరేంటి, మీకు పిల్లలున్నారా, మీ ఇల్లు సముద్రం దగ్గరా అంటూ ప్రశ్నలు మొదలయ్యాయి. ఆవిడకు అర్థంకాని చోట తనే "అగైన్, బేబీ, అగైన్" అంది. అప్పటిదాకా నోరు మెదపని పిల్లలు ఆవిడకు అర్థమయ్యేదాకా మాటలు మార్చి మార్చి అడిగారు. ఆవిడ పేరు దీవెనమ్మ అని వాళ్ళతో పాటే నాకూ తెలిసింది. మూడేళ్ళుగా ఆ వరండా తుడుస్తోందట. వాళ్ళలో ఎవరికీ ఆ పేరు తెలియదు.

పావుగంట గడిచాక తలుపు దగ్గర క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజర్ కనిపించాడు. "దీవెనా, ఇధర్ క్యా కర్ రహీ హై?" దీవెనమ్మ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. తలొంచుకుని బయటికి నడిచింది. మిసెస్ రనా ఏదో రాసుకుని, "ఒంటిగంటకు నా గదికి రండి" అని మాత్రం అన్నారు.

ఆ రెండు గంటలూ స్కూలు ఎదుట ఉన్న మలయాళీల కెఫెటీరియాలో కూర్చున్నాను. దిర్హామున్నరకు కడక్ చాయ్, మూడు దిర్హాములకు గుడ్డు పరాఠా. పరాఠా సగానికి పైగా పళ్ళెంలోనే ఉండిపోయింది. నా ఉద్యోగం సంగతి సరే, ఆవిడ ఉద్యోగం నా వల్ల పోతే? వంటాయన నా పళ్ళెం చూసి, ఇంటర్వ్యూకు వచ్చిన వాళ్ళెవరూ తన పరాఠా పూర్తి చేయరని హిందీలో నవ్వాడు.

ఒంటిగంటకు మిసెస్ రనా సూటిగా చెప్పారు. "మీరు ఇచ్చిన ప్రణాళికలో ఇవాళ జరిగింది ఒక్కటీ లేదు. ఆ కంపెనీవాళ్ళు ఆమెను వేరే చోటికి మారుస్తామంటున్నారు."

"ఆవిడ తప్పు లేదు. నేనే పిలిచాను. నాకు ఉద్యోగం ఇవ్వకపోయినా సరే, అది రాసిస్తాను" అన్నాను. ఒక కాగితం అడిగి అక్కడే ఐదు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. మిసెస్ రనా చదివి, కాగితాన్ని డ్రాయర్లో పెట్టారు. "ఖలాస్, ఈ గొడవ ఇంతటితో సరి. ఆమెను నేను పిలిపించానని చెప్తాను. ఆ షమ్మా బడి తెరిచిన సెప్టెంబరు నుంచి నా ముందు పూర్తి వాక్యం మాట్లాడలేదు. ఇవాళ ఏడు ప్రశ్నలు అడిగింది." తర్వాత నా సర్టిఫికెట్లు తిరగేసి, డిగ్రీ మీద అటెస్టేషన్, అంటే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్రలు లేవేమని అడిగారు. వచ్చాక చేయించుకోవచ్చులే అనుకున్నానన్నాను. "అవి లేకుండా టీచరుగా తీసుకోలేను. జనవరి దాకా ఖాళీ ఉంచుతాను. అంతకు మించి నా చేతిలో లేదు" అన్నారు.

రెండున్నరకు షిఫ్టు అయ్యాక దీవెనమ్మ గేటు దగ్గర కనిపించింది. ఆవిడది రాజోలు పక్క ఊరు. ముందు కువైట్‌లో ఇళ్ళల్లో చేసి, తర్వాత ఇక్కడికి వచ్చింది. నేను క్షమాపణ చెప్పబోతే వారించింది.

"ఆయ్, ఊరుకోండి. మూడేళ్ళయిందండీ ఈ బిల్డింగులో తెలుగు ముక్క విని. మీ గొంతు వినపడేసరికి కాళ్ళు ఆగిపోయాయండీ. చెవి పట్టుకోమన్నారు కదా, పట్టేసుకున్నాను" అని నవ్వి, గొంతు తగ్గించింది. "కానీ ఉద్యోగం వస్తే ఇంకోసారి నన్ను లోపలికి పిలవకండమ్మా. ఆ సూపర్‌వైజర్ నన్ను మార్చేస్తే నాకు ఇబ్బంది. తలుపు మాత్రం కాస్త తీసి ఉంచండి, వింటాను." కంపెనీ వ్యాను హారన్ కొట్టింది. వంకాయ, ఎండు రొయ్యల కూర మిగిలిన డబ్బా నా చేతిలో పెట్టి పరుగెత్తింది. నాలుగున్నర బస్సులో, కొండల మీద ఎండ పసుపు రంగుకు తిరుగుతుంటే, ఆ కూర చెంచా లేకుండా వేళ్ళతో తిన్నాను.

వారం తిరక్కుండా కాకినాడ వెళ్ళిపోయి, అక్కడి నుంచి ముద్రలన్నీ వేయించుకుని, జనవరిలో ఆ స్కూల్లోనే చేరాను. దీవెనమ్మ అదే అంతస్తులో ఉంది. నా క్లాసు తలుపు తెరిచి ఉంటే ఏసీ చల్లదనం పోతోందని మెయింటెనెన్స్ వాళ్ళు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. పిల్లలు ఆవిడను పేరుతో పలకరిస్తారు. కొన్నాళ్ళు పలకరిస్తారు, కొన్నాళ్ళు మరచిపోతారు, పిల్లలు కదా. నాలో మారినదొకటి ఉంది. కాకినాడలో నేను వాక్యాలు దిద్దేదాన్ని, తప్పు లేకుండా మాట్లాడితే సంభాషణ వచ్చినట్టేననుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా తల ఊపితే చూసి వదిలేయలేను. స్టాఫ్ మీటింగుల్లో నాకు అరబిక్ అర్థం కానప్పుడు నేనే ముందు చెయ్యి ఎత్తుతాను. మొదట్లో సిగ్గేసేది. నా వెనక ఇంకో ఇద్దరు ఊపిరి పీల్చుకోవడం వినిపించాక అలవాటైపోయింది.

ఇక్కడ టీచరు ఉద్యోగానికి రావాలనుకుంటున్న వాళ్ళకు ఒక్కటే మాట. డిగ్రీ సర్టిఫికెట్ అటెస్టేషన్ మన రాష్ట్రంలో, ఢిల్లీలో, ఎమిరేట్స్ ఎంబసీలో పూర్తయ్యాకే టికెట్ కొనండి. నాకు ఆ ముద్రలకు దాదాపు రెండు నెలలు పట్టింది. నా కోసం కుర్చీ ఖాళీగా ఉంచినావిడ దొరికింది కాబట్టి సరిపోయింది, అందరికీ దొరకదు.