వదిలేసిన పది నిమిషాల నీళ్లు

1997 జూన్‌లో నన్ను కడియం ప్రాంతానికి ఉద్యానాధికారిగా వేశారు. మొక్కల తెగుళ్లు చూడటం, నర్సరీల మట్టి, నీళ్ల నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపడం నా పని. నిబంధనలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ గర్వం కూడా కాస్త ఉండేది.

ఆగస్టులో సత్యనారాయణగారనే నర్సరీ యజమాని కబురు పెట్టారు. ఆయన దగ్గర మొక్కలకు అంట్లు కట్టే మంగమ్మ, బోరు నీళ్లు మందు కంపు కొడుతున్నాయని అందరికీ చెబుతోందట. నాతోనూ అదే అంది. "కరెంటు రాగానే పట్టిన నీళ్లండి. తాగితే కడుపులో తిప్పేస్తందండి." సత్యనారాయణగారు నవ్వేశారు. "ఆ బోరు నీళ్లే మా ఇంట్లోనూ తాగుతున్నామండి. మాకేం కాలేదే!"

నమూనా తీయడానికి ఒక పద్ధతుంది. పైపులో నిలవున్న నీళ్లు పోయేలా మోటారు పది నిమిషాలు ఆడించి, ఆ తర్వాతే సీసా పట్టాలి. అలాగే పట్టాను. నీళ్లలో దోషం లేదని ప్రయోగశాల తేల్చింది. నేనూ అదే రాసిచ్చాను. వారం తిరక్కుండా, బోరుకి చెడ్డపేరు తెచ్చిందని మంగమ్మను పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు ఆమె రోడ్డు మీద ఎదురై, నెమ్మదిగానే అంది. "మీరు పట్టింది మేం తాగే నీళ్లు కాదండి బాబూ. మళ్లీ కరెంటు పోద్దేమోనని మేం మొదటి ధారే బిందెల్లో పట్టేసుకుంటామండి."

నాకు సిగ్గేసింది. మర్నాడు చెప్పకుండా వెళ్లి బోరు పక్కనే కూర్చున్నాను. యూరియా, పురుగుమందు కలిపిన డ్రమ్ము నుంచి ఒక సన్న గొట్టం, నీళ్లు పట్టే కుళాయి దాటాక, మోటారు పైపుకి బిగించి ఉంది. నీటితో పాటే మందు మొక్కలకు చేరాలని ఆ ఏర్పాటు. పదకొండింటికి కరెంటు పోయింది. మోటారు ఆగినా డ్రమ్ములో మందు దిగుతూనే ఉంది. పైపులో నీళ్లు వెనక్కి బోరులోకి జారుతూ మందును కూడా లాక్కుపోతున్నాయి. నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు అక్కడ ఉండాలి. అందులో ఇసుక పట్టి నీళ్లు తగ్గుతున్నాయని మెకానిక్ ఏనాడో తీసేశాడట.

కరెంటు రాగానే, ఆ మందుతో పైకొచ్చిన మొదటి ధార సీసాలో పట్టి సత్యనారాయణగారి చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసి ఆయన వెంటనే మూత బిగించేశారు. ఆయన ఇంటికి నీళ్లు మోటారు చాలాసేపు ఆడి ఆ మందు నీళ్లు పోయాక, తీరిగ్గా పట్టేవారు.

ఆ బోరు నీళ్లు తాగొద్దని అప్పుడే చెప్పాను. వాల్వు బిగించి, డ్రమ్ము గొట్టం విడదీశారు. నీళ్లు చాలా రోజులు తోడి పోసి, ప్రయోగశాల సరేనన్నాకే మళ్లీ వాడారు. సత్యనారాయణగారు స్వయంగా వెళ్లి మంగమ్మను పనిలోకి పిలిచారు. తప్పు నాదేనని ఆయన ఎదుటే ఆమెతో చెప్పాను. "చెప్పినప్పుడే వినుంటే సరిపోయేది కదండి," అని అంటుమొక్కల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, సీసా మూత తీసేముందు ఆ నీళ్లు ఎవరు, ఎప్పుడు పట్టుకుంటారో అడిగేవాణ్ని. నిబంధన ప్రకారం నేను నేలపాలు చేసిన నీళ్లే మంగమ్మ తాగినవి.