బ్రెడ్డు మాస్టారి బ్యాటు

ఆ బేకరీలో పిండి కలిపే ఆయన్ని ఊరంతా మాస్టారనే పిలుస్తుంది. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. బ్రెడ్డు చేసేవాళ్ళని అలా పిలవడం అలవాటు, అంతే. పిండి ముద్దని బల్లమీద ఎత్తి కొట్టీ కొట్టీ ఆయన ముంజేతులు రోకళ్ళలా తయారయ్యాయి. ఆయనతో చెయ్యి కలిపినవాళ్ళు కాసేపు వేళ్ళు విదిలించుకోవాల్సిందే.

కౌంటర్ దగ్గర భార్య కూర్చుంటుంది. ఒక్కతే కూతురు. పదో తరగతి చదివే ఆ పిల్లకి టేబుల్ టెన్నిస్ అంటే ప్రాణం. తెల్లవారకముందే లేచే తండ్రి పిల్ల బడికి వెళ్ళేటప్పుడు ఓవెన్ ముందు ఉంటారు, పిల్ల తిరిగొచ్చేసరికి నిద్రపోతుంటారు. ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరూ స్థిమితంగా నాలుగు మాటలు చెప్పుకున్నది తక్కువ.

ఆ ఏడు పోటీలు దగ్గరపడే సమయానికి, రోజూ క్లబ్బులో పిల్లతో ఆడే స్నేహితురాలు కుటుంబంతో సహా వేరే ఊరు వెళ్ళిపోయింది. మిగతావాళ్ళంతా అప్పటికే ప్రాక్టీసుకి జోడీలు కుదుర్చుకున్నారు. పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే మాస్టారి ప్రాణం ఉసూరుమంది.

“నేనాడతాలే నీతో,” అన్నారు.

“నువ్వా నాన్నా?”

“ఏం, నాకు ఆటలు రావనుకున్నావా?”

“ఎందుకు రావు, క్యారమ్స్ బాగా ఆడేవారుగా,” అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

మర్నాడే ఆయన ఆటసామాన్ల షాపుకు వెళ్ళారు. బ్యాటులో రబ్బరు కింద ఉండే చెక్కని బ్లేడు అంటారనీ, బంతి వేగమంతా దాన్నిబట్టే ఉంటుందనీ కూతురి మాటల్లో విని ఉన్నారు. పిల్ల ముందు తేలిపోకుండా నిలబడాలంటే అన్నిటికన్నా వేగంగా కొట్టే బ్లేడు కావాలని ఆయన లెక్క.

“ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నారండీ?” అని అడిగింది షాపు నడిపే ఆవిడ.

ఒక్కరోజు కూడా ఆడలేదని చెప్పడానికి నోరు రాలేదు. “చాలా ఏళ్ళ నుంచే,” అన్నారు.

ఆవిడ వేగం కోసం కార్బన్ పొర పెట్టిన బ్లేడు ఒకటి తీసి, “ఇది బాగా చెయ్యి తిరిగినవాళ్ళకండీ,” అంది.

“తిరగనిదెక్కడమ్మా, పొద్దస్తమానం పిండిలో తిరిగే చెయ్యే ఇది,” అని ఆయన చెయ్యి చూపించారు.

క్లబ్బులో మొదటి సాయంత్రమే తెలిసొచ్చింది. ఆయన మెల్లగా తాకించినా బంతి బల్లదాటి గోడకు తగిలి, అక్కణ్ణుంచి ఎవరి కాళ్ళ కిందికో దొర్లిపోయేది. గట్టిగా కొడితే ఇక వెతుక్కోవడమే. పిల్ల ఆడిన దానికన్నా వంగి బంతులు ఏరుకున్నదే ఎక్కువ. కొన్నాళ్ళు ఓపిక పట్టింది.

“నాన్నా, ఆ బ్యాటు నీకు మరీ స్పీడు. మార్చు.”

“బ్యాటుకేం, బ్రహ్మాండంగా ఉంది. నాకే ఇంకా చెయ్యి కుదురుకోలేదు.”

ఒకరోజు, “ఇవాళ నువ్వు పడుకో నాన్నా, అలిసిపోయావు,” అని పిల్ల ఒక్కతే వెళ్ళింది. మాస్టారికి నిద్ర పట్టలేదు. లేచి క్లబ్బుదాకా నడిచారు. కిటికీలోంచి చూస్తే, కూతురు ఒంటరిగా గోడకేసి బంతి కొట్టుకుంటోంది. ఆయన లోపలికి వెళ్ళకుండా వెనక్కి తిరిగారు.

“నాకన్నా క్లబ్బు గోడే నయమనుకుంది పిల్ల,” అన్నారు భార్యతో.

ఆవిడ ఈసారి నవ్వలేదు. “గోడైతే బంతి తిరిగిస్తుంది కదండీ. పిల్ల మిమ్మల్ని గెలిపించమని అడిగిందా, గెలవమని అడిగిందా? దానికి తనతో ఆడే మనిషి కావాలి, అంతేగా.”

మాస్టారు మళ్ళీ షాపుకు వెళ్ళారు. “మొన్న మీకు అబద్ధం చెప్పానమ్మా. నేను బొత్తిగా కొత్త,” అన్నారు.

“మీరే కాదు లెండి, ఈ షాపులో కొత్తవాళ్ళమని ఒప్పుకునేవాళ్ళెవరూ నాకు కనబడరు,” అందావిడ. రబ్బరు అంటించి ఉన్న మూడు రకాల బ్లేడ్లు బయటపెట్టి, షాపు వెనక ఉన్న బల్లమీద ఆడి చూడమంది. “మీ చేతిలోనే బోలెడు బలముంది. చెక్కలో కూడా ఎందుకండీ?”

ఒకటి మరీ మందంగా తోచింది, నానిన పిండిని కొట్టినట్టు. ఇంకోటి వేళ్ళలో నిలవలేదు. ఉత్త చెక్కపొరలతో చేసిన మూడోది మాత్రం బంతిని ఒక్క క్షణం పట్టుకుని వదిలినట్టుంది. ఎటు పంపాలో ఆలోచించుకునే వ్యవధి దొరికింది. దాన్నే తీసుకున్నారు. పెట్టె మీద ‘కొత్తగా నేర్చుకునేవారికి’ అని ఉంటే, ఇల్లు చేరేలోగా ఆ అక్షరాలు గోటితో గీకేశారు.

ఆ సాయంత్రం పిల్ల ఆయన చేతిలోని కొత్త బ్యాటు వంక ఓసారి చూసింది. “కొట్టకు నాన్నా, తాకించు చాలు,” అంది. ఆయన తాకించారు. బంతి వలదాటి బుద్ధిగా అవతల పడింది. పిల్ల తిప్పి పంపింది. మళ్ళీ వచ్చింది. టక్కూ టిక్కూమని ఆగకుండా సాగుతుంటే ఆయన ముఖం విప్పారిపోయింది.

బంతి అలా నిలకడగా తిరగడం మొదలయ్యాక మాటలూ మొదలయ్యాయి. లెక్కల టీచరంటే భయమని చెప్పింది. ఆ స్నేహితురాలు ఫోను చెయ్యడం మానేసిందని చెప్పింది. పోటీలో ఓడితే అందరూ ఏమనుకుంటారోనని దిగులుగా ఉందని చెప్పింది. చేతులు పనిలో ఉండటంవల్లో ఏమో, ఎదురుగా కూర్చుని అడిగితే బయటికిరాని సంగతులన్నీ వచ్చేవి. మాస్టారు “ఊఁ” అంటూ బంతి తిరిగిచ్చేవారు.

పోటీల్లో పిల్ల సెమీఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. అయితే అక్కడ చూసిన కోచ్ ఒకాయన తన దగ్గర చేర్చుకుంటానన్నాడు. ఆ మాట తండ్రికి చెప్పడానికి పిల్ల చాలా తటపటాయించింది.

“రోజూ సాయంత్రం అక్కడికే వెళ్ళాలి నాన్నా. మరి నువ్వు...”

“నాకేమ్మా. వెళ్ళు,” అన్నారు. బీరువాలోంచి ఆ కార్బన్ బ్యాటు తీసి ఇచ్చారు. “ఇది నీ చేతికైతే సరిపోతుంది.”

పిల్ల దాంతో కాసేపు ఆడి చూసింది. రెండు బంతులు బయటికి పోయాయి. “నాక్కూడా ఇది ఇంకా ఎక్కువే నాన్నా. వచ్చే ఏడు చూద్దాం,” అని నవ్వింది.

కూతురు లేని సాయంత్రాల్లో మొదట ఆయనకి ఏమీ తోచలేదు. పడుకుందామంటే కళ్ళు మూతపడలేదు. చివరికి భార్యే బ్యాటు చేతికిచ్చి బయటికి తోసింది. క్లబ్బులో పోస్టాఫీసు గుమస్తా ఒకావిడ జోడీ కోసం చూస్తోంది. ఆవిడ బంతిని ఇటు చూపించి అటు పంపుతుంది. మాస్టారు దాదాపు రోజూ ఓడిపోతారు. ఇంటికొచ్చి ఓడిన తీరంతా పిల్లకి వర్ణించి చెబుతారు. అది అన్నం తింటూ, “అలా కాదు నాన్నా, కుడికాలు వెనక్కి వెయ్యాలి,” అని ఎంగిలి చేత్తోనే చూపిస్తుంది.