కథకు కూడా ఫలితం రాసేశాను!

ఇంకా నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు! మా సైన్స్ యూనివర్సిటీలో ఇప్పుడు కథలు రాయడం కూడా ఒక సబ్జెక్టు. కెమిస్ట్రీ చదివే నేను, కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే మా అమ్మమ్మ మీద రాసిన తొలి కథను ఈ రోజు క్లాసులో చదివాను. ల్యాబ్ రికార్డు అలవాటు కొద్దీ చివర్లో, "ఫలితం: అమ్మమ్మకు మనవరాలిపై ప్రేమ ఉన్నట్లు నిర్ధారించడమైనది" అని రాసేశాను. క్లాసంతా గొల్లుమంది.

మేడమ్ కూడా నవ్వి, "ఆ ఆఖరి ముక్క తీసీయ్ తల్లీ. పెద్ద సేపని అమ్మకుండా నీకోసం దాసిందని ముందే సెప్పీసావు కదా!" అన్నారు.

"రిజల్టు లేకపోతే మార్కులేటొస్తాయి మేడమ్?" అన్నాను.

క్లాసు అవగానే, అందరికంటే గట్టిగా నవ్విన నా ల్యాబ్ పార్టనర్ వరండాలో వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేస్తూ కనిపించాడు.

కథలోంచి ఆ ఫలితం ముక్క కొట్టేశాను. మార్కులు మీరే వెయ్యండి!